జలాశయంలో ఏటి చేప: సాగెర్ వేట, రుతువులు, పద్ధతులు

ఉత్తర అమెరికాలోని పెద్ద జలాశయాల మీద గాలం వేసేవాళ్ళు సాగెర్ చేప గురించి మాట్లాడుకుంటే సంభాషణ ఎక్కువగా క్యాలెండర్ చుట్టూ తిరుగుతుంది. జనవరిలో డ్యామ్ కింద, ఏప్రిల్‌లో గులకరాళ్ళ మీద, జులైలో లోతు కాలువ అంచున, అక్టోబరులో మళ్ళీ ఎగువకు. ఈ పట్టిక అబద్ధమేమీ కాదు. కానీ ఒక జలాశయానికి సరిపోయింది ఇంకోదానికి సరిపోదు, ఒకే జలాశయంలో ఈ ఏడు పలికింది మరుసటి ఏడు పలకదు. ఎందుకంటే సాగెర్ నదికి పుట్టిన చేప. నదికి అడ్డంగా గోడ కట్టి మనం దాన్ని సరస్సు అని పిలుచుకున్నా, ఆ చేప ఇప్పటికీ నదినే వెతుక్కుంటూ తిరుగుతుంది. నీటి ఒరవడి ఎక్కడుంది, నీళ్ళలో కలక ఎంత ఉంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే క్యాలెండర్‌తో పని చాలావరకు తీరిపోతుంది. వేటగాళ్ళ అనుభవాన్నీ జీవశాస్త్రజ్ఞుల పరిశీలననూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించిన సంగతి ఇది.

ముందు చేపను గుర్తుపట్టాలి. సాగెర్‌ది పెర్చ్ కుటుంబం. శాస్త్రీయ నామం సాండర్ కెనడెన్సిస్. ఎక్కువ పేరున్న వాలై దీనికి దగ్గరి చుట్టం, యూరప్‌లోని జాండర్ ఇంకో చుట్టం. సెయింట్ లారెన్స్ నది, మహా సరస్సులు, హడ్సన్ అఖాతంలోకి పారే నదులు, ఇటు మిసిసిపీ, మిస్సోరి, ఒహాయో, టెన్నెసీ నదులు దీని సొంత ఊళ్ళు. ఇత్తడి ఛాయ ఒళ్ళు, వీపు మీంచి పక్కలకు దిగే ముదురు మచ్చలు, మొదటి వీపు రెక్క మీద వరుసలుగా నల్ల చుక్కలు. వాలైకి తోక కింది కొసన తెల్లటి మచ్చ, మొదటి వీపు రెక్క వెనక మూలన పెద్ద నల్ల మరక ఉంటాయి. సాగెర్‌కు ఆ రెండూ ఉండవు. మామూలుగా పడేవి 12 నుంచి 16 అంగుళాల పొడవు, అర కిలోకు అటూ ఇటూ. ప్రపంచ రికార్డు చేప 1971 అక్టోబరు 6న నార్త్ డకోటాలోని సకాకవియా జలాశయంలో పడింది. దాని బరువు 8 పౌండ్ల 12 ఔన్సులు, అంటే నాలుగు కిలోలకు కాస్త తక్కువ. ఇన్ని దశాబ్దాలైనా ఆ రికార్డు అలాగే ఉంది.

సాగెర్, వాలై కలిసి సంకరం కూడా పుడుతుంది. దాన్ని సాగై అంటారు. చాలా రాష్ట్రాలు హేచరీల్లో దీన్ని కావాలనే పుట్టించి జలాశయాల్లో వదులుతున్నాయి, ఎందుకంటే అది త్వరగా పెరుగుతుంది, కలక నీటికీ తట్టుకుంటుంది. దీనివల్ల ఒక చిక్కు వచ్చింది. సాగెర్ వేట గురించి చెప్పుకునే కబుర్లలో కొంత నిజానికి సాగై గురించినది. ‘మా చెరువులో సాగెర్ ఒడ్డుకు దగ్గరగా, నిలవ నీటిలో పడుతుంది’ అని ఎవరైనా చెబితే ముందు వీపు రెక్క మీద చుక్కలు ఎలా ఉన్నాయో అడగడం మంచిది.

సాగెర్‌ను అర్థం చేసుకోవడానికి దాని కంటితో మొదలుపెట్టాలి. కంటిపాప వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. రాత్రి టార్చి వేస్తే పిల్లి కళ్ళు మెరిసేది అలాంటి పొర వల్లే. వాలైకీ అది ఉంది. సాగెర్‌కు ఇంకా విస్తారంగా ఉంటుంది. అందుకే ఎరను కళ్ళతో వెతికే మిగతా చేపలు తడబడే బురద నీటిలో సాగెర్ హాయిగా వేటాడుతుంది. తేట నీటిలో ఆ సౌకర్యమే బరువవుతుంది, వెలుతురుకు తట్టుకోలేక లోతుకు దిగిపోతుంది. నది కలకగా పారినంతకాలం సాగెర్‌దే పైచేయి. ఆనకట్ట పడ్డాక ఒండ్రు జలాశయం అడుగున పేరుకుంటుంది, పైన నీరు తేరుకుంటుంది, ఆ తేట నీటిలో వాలై పుంజుకుంటుంది. మిస్సోరి నది మీద జరిగింది చాలావరకు ఇదే. ఫోర్ట్ పెక్ నుంచి గావిన్స్ పాయింట్ దాకా ఆరు పెద్ద ఆనకట్టలు ఆ నదిని వరుస జలాశయాలుగా మార్చాయి. 1953లో గారిసన్ డ్యామ్ మూసుకున్నాక ఏర్పడిన సకాకవియా పొడవు 280 కిలోమీటర్ల పైమాటే. ఇవాళ అందులో సాగెర్ కోసం వెళ్ళేవాళ్ళు డ్యామ్ దగ్గరి తేట నీళ్ళను వదిలి, యెల్లోస్టోన్ నది ఒండ్రుతో మిస్సోరి వచ్చి కలిసే ఎగువ కొసకు, విలిస్టన్ వైపుకు పోతారు. పేరు జలాశయానిదే అయినా వాళ్ళు పోయేది నది మిగిలి ఉన్న చోటికి.

తెలుగువాళ్ళకు ఈ చేప నడత కొత్తగా అనిపించదు. గోదావరికి ఎర్రనీరు రాగానే ఎదురీదుతూ వచ్చే పులసకు ధవళేశ్వరం దగ్గర దారి మూసుకుపోతుంది. అక్కడికి దిగువనే వలలకు చిక్కుతుంది. సాగెర్ సముద్రం మొహం చూడదు, పుట్టుక నుంచి చావు దాకా మంచినీళ్ళలోనే ఉంటుంది. కానీ గుడ్లు పెట్టే కాలం దగ్గరపడుతుంటే ఎదురెక్కడం, కలక నీటిని ఇష్టపడటం, గోడ అడ్డం వచ్చిన చోట గుంపుగా ఆగిపోవడం రెండింటికీ ఒక్కటే. వేటగాడికి ఆ గుంపే పండగ.

ఆ పండగ చలికాలంలో వస్తుంది. టెన్నెసీ నది ప్రధాన ధార మీద తొమ్మిది ఆనకట్టలున్నాయి. వాటిని నడిపేది 1933లో పుట్టిన టెన్నెసీ వ్యాలీ అథారిటీ (టీవీఏ). నది మెట్లు మెట్లుగా దిగుతుంది కాబట్టి దాదాపు ప్రతి జలాశయం ఎగువ కొసా ఇంకో డ్యామ్ కాళ్ళ దగ్గర ముగుస్తుంది. 1944లో పూర్తయిన కెంటకీ డ్యామ్ వెనకనున్న సరస్సు పొడవు దాదాపు 300 కిలోమీటర్లు; దాని తల పిక్‌విక్ డ్యామ్ కింద ఉంది. వేసవంతా ఆ పొడుగునా చెల్లాచెదురైన సాగెర్‌లు నవంబరు నుంచి ఎగువకు బయల్దేరి డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో పిక్‌విక్ కింద పోగవుతాయి. రేడియో పరికరాలు అమర్చి వదిలిన చేపల వెంట పడిన పరిశోధకులు ఇవి వంద కిలోమీటర్లు దాటి కూడా ప్రయాణం చేస్తాయని చూపించారు. వందల కిలోమీటర్ల నీటిలో పలచగా ఉన్న చేప కొద్ది కిలోమీటర్ల లోపల చిక్కగా దొరికే కాలం ఇదొక్కటే. మిసిసిపీ ఎగువ భాగంలో రెడ్ వింగ్ పట్టణానికి ఎగువనున్న 3వ నంబరు లాకు కిందా, ఒహాయో నది మీది డ్యామ్‌ల కిందా కథ ఇదే, చలి మాత్రం వేరు.

చలికాలంలో ఎక్కడ వెతకాలన్న దాని మీద పాత వేటగాళ్ళు చెప్పేవాటిలో తేడాలున్నా, మూలం ఒకటే: జోరు నీటి పక్కన మెల్లని నీరు. సాగెర్ ఒరవడిని ఇష్టపడుతుంది గానీ రోజంతా దానితో కుస్తీ పట్టదు. టర్బైన్ల నుంచి దూకిన నీరు అడుగును తవ్వేసిన మడుగుల దిగువ అంచు, లంకల తోక, లాకు గోడ చివర సుడి తిరిగే చోటు, ఉపనది వచ్చి కలిసే మూల, నదిని మళ్ళించడానికి రాళ్ళతో కట్టిన కరకట్టల వెనక భాగం, ఇవన్నీ కూర్చుని తినడానికి అనువైన చోట్లు. లోతు 20 నుంచి 50 అడుగులు. చేప అడుగుకు పొట్ట ఆనించి పడుకున్నంత కిందుగా ఉంటుంది. సోనార్ తెర మీద కనబడకపోవడానికి కారణం అదే. తెర ఖాళీగా ఉందని చోటు మార్చేవాడు చేపల మీంచి పడవ నడుపుకుంటూ పోయినవాడే కావచ్చు. 2018 తర్వాత వచ్చిన ముందుచూపు సోనార్లు నీటి మధ్యలో తేలే చేపల వేటను మార్చేశాయి. రాళ్ళ మధ్య అడుగున నక్కిన సాగెర్ విషయంలో వాటి వల్ల ఒరిగింది అంత లేదు.

నీరు ఎంత వదులుతున్నారన్నది చలికాలపు వేటలో అన్నిటికన్నా పెద్ద విషయం. విద్యుత్ కేంద్రం మూతబడి నీరు నిలిచిపోతే చేప చెదిరి నీరసంగా ఉంటుంది, ఎర ముందు ఆడినా ముట్టదు. అన్ని యూనిట్లూ నడుస్తుంటే ఎరను అడుగున నిలబెట్టడమే కష్టం. ఒకటి రెండు యూనిట్లు నిలకడగా నడిచే గంటలు మంచివని అనుభవజ్ఞులంతా ఒప్పుకుంటారు. టీవీఏ తన డ్యామ్‌ల నీటి విడుదల వివరాలను రోజూ ప్రకటిస్తుంది కాబట్టి టెన్నెసీలో సాగెర్‌కు పోయేవాడు వాతావరణం కన్నా ముందు దాన్నే చూసుకుంటాడు. వానలు పడి నది కాస్త పొంగి, కలక తిరిగి, మళ్ళీ తగ్గుముఖం పట్టే రోజులు ఇంకా మంచివి. వాన లేని చలికాలాల్లో గుంపులు ఆలస్యంగా వస్తాయి, కొన్నేళ్ళు పలచగానే వస్తాయి. డిసెంబరు వచ్చింది కదా అని తేట నీళ్ళలో నాలుగు రోజులు గాలం వేసి, చేపలు అయిపోయాయని తేల్చేసేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. నెల వచ్చింది గానీ నది రాలేదు.

ఎర కూడా ఈ కథలో భాగమే. దక్షిణ జలాశయాల్లో షాడ్ అనే వెండి రంగు చిరుచేపలు లెక్కలేనన్ని. వాటిలో థ్రెడ్‌ఫిన్ షాడ్ చలికి ఆగదు. నీరు ఏడెనిమిది డిగ్రీలకు దిగితే సొమ్మసిల్లుతుంది, ఇంకా చల్లబడితే గుంపులుగా చస్తుంది. పైజలాశయంలో సొమ్మసిల్లినవి, టర్బైన్లలో నలిగినవి డ్యామ్ కిందికి కొట్టుకొస్తాయి. చేతికందే ఆ తిండి కోసం కూడా సాగెర్ అక్కడ కాచుకుంటుంది. ఎరను చురుగ్గా ఆడించకూడదన్న సలహాకు ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

పద్ధతుల్లో మొదట చెప్పుకోవాల్సింది నిట్టనిలువు జిగ్గింగ్. గాలానికి సీసపు తల పోసిన జిగ్, దానికి గుచ్చిన బతికున్న చిరుచేప, సన్నని దారం, చురుకైన కొస ఉన్న పొట్టి కర్ర, ఇంతే సామాను. జిగ్ బరువు ఏడు గ్రాముల నుంచి ఇరవై ఎనిమిది గ్రాముల దాకా. అడుగు తగులుతున్నట్టు చేతికి తెలిసేంత ఉంటే చాలు, అంతకు మించి వద్దు. అసలు నేర్పు చేతిలో కన్నా పడవలో ఉంది. పడవ ముక్కు ఎగువకు పెట్టి, ముందరి చిన్న ఎలక్ట్రిక్ మోటారుతో నిగ్రహిస్తూ, నీటితో సమానమైన వేగంతో దిగువకు జారుతూ పోవాలి. దారం తిన్నగా కిందికి దిగాలి. వాలిందంటే పడవ నీటికన్నా వేగంగానో నెమ్మదిగానో పోతున్నట్టు. ఎర అడుగు విడిచి పైకి తేలుతోందన్నమాట. అడుగును విడిచిన ఎర సాగెర్‌కు అక్కర్లేదు.

జిగ్‌ను ఎగరేయకూడదు. నాలుగైదు అంగుళాలు లేపి, అదుపులో దించి, అడుగున కాసేపు ఆపాలి. ఎక్కువ చేపలు దిగేటప్పుడో ఆగినప్పుడో పట్టుకుంటాయి. పట్టుకోవడం కూడా జోరుగా ఉండదు; దారం బరువెక్కినట్టో, చిత్తడి ఆకు తగులుకున్నట్టో అనిపిస్తుంది. చాలాసార్లు చిరుచేప తోక మాత్రం కొరికి వదిలేస్తుంది. అందుకని జిగ్ వెనక ఒక చిన్న మూడు కొక్కేల గాలాన్ని పొట్టి దారంతో కట్టి చిరుచేప తోక దగ్గర తగిలిస్తారు. ఇది లేకుండా జనవరిలో నదికి పోవడం దండగ అని నా అభిప్రాయం. అడుగున రాళ్ళకు ఇరుక్కుని సామాను పోతుందన్న ఫిర్యాదు నిజమే. అయినా ఖాళీ చేతులతో రావడం కన్నా అది నయం.

ఒరవడి ఎక్కువగా ఉంటే మూడు దారుల కట్టు పనికొస్తుంది. మూడు చెవులున్న స్వివెల్‌కు ఒకవైపు అసలు దారం, రెండోవైపు అడుగున్నర పొట్టి దారానికి సీసపు గుండు, మూడోవైపు మూడు నాలుగు అడుగుల దారానికి చిరుచేప గుచ్చిన గాలం. గుండు అడుగును అంటిపెట్టుకుంటుంది, ఎర దానికి కాస్త పైన నీటిలో ఊగుతుంది. లంగరు వేసి కూర్చున్నా, ఎగువకు పాకుతూ పోయినా సరిపోతుంది. ఇది కాక లోహపు పలకతో చేసిన బ్లేడ్ ఎరలు, చెంచా ఎరలు ఉన్నాయి. ఇవి కదిలిస్తే అదురుతాయి. చేప ఒంటి పక్కన ఉండే గీత ఆ అదురును పసిగడుతుంది కాబట్టి మరీ బురద నీటిలో వీటికి విలువ ఎక్కువ. తేట, చల్లని నీటిలో మాత్రం బతికున్న చిరుచేపకు ఏదీ సాటిరాదు.

రంగు గురించి జరిగినంత వాదన దేని గురించీ జరగదు. నిమ్మపసుపు, నారింజ, గులాబీ, చీకట్లో వెలిగేవి, ఒక్కొక్కరికి ఒక్కో నమ్మకం. వాలై కంటిలో రంగును చూసే కణాలు రెండు రకాలని, ఒకటి ఆకుపచ్చకూ ఇంకోటి నారింజ, ఎరుపులకూ స్పందిస్తాయని తెలుసు. దగ్గరి చుట్టమైన సాగెర్‌కూ అదే వర్తిస్తుందనుకుంటే నిమ్మపసుపు, నారింజ రంగుల మీది నమ్మకానికి కొంత ఆధారం ఉన్నట్టే. కానీ ఇరవై ఐదు అడుగుల బురద నీటి కింద వెలుతురే అందనప్పుడు ఏ రంగైనా ఎంతవరకు కనిపిస్తుంది? అడుగు తగులుతోందా, దారం నిలువుగా ఉందా అన్నవి సరిచూసుకోకుండా రంగులు మారుస్తూ పోయేవాళ్ళు దుకాణాలకు లాభం చేస్తారు.

ఉత్తరాన చలికాలం అంటే మంచు గడ్డ. సకాకవియాలో, దాని దిగువనున్న ఓహే జలాశయంలో, 1970ల నుంచి జలవిద్యుత్ కోసం మట్టాన్ని నియంత్రిస్తున్న మానిటోబాలోని విన్నిపెగ్ సరస్సులో మంచుకు రంధ్రం తొలిచి వేటాడతారు. ఒక కర్రతో చిరుచేప తల గుచ్చిన చెంచా ఎరను మెల్లగా ఆడిస్తూ, పక్క రంధ్రంలో ఇంకో గాలాన్ని కదపకుండా వదిలేస్తారు. ఆడే ఎర చేపను రప్పిస్తుంది, కదలనిది పట్టిస్తుంది. పాత నది కాలువ అంచుల్లో, ముంపు వాగులు వచ్చి కలిసే చోట ఫలితం ఎక్కువ. నది ఇంకా లాగుతున్న చోట మంచు పలచగా ఉంటుంది. సాగెర్‌కు ఇష్టమైన చోటూ మనిషికి ప్రమాదమైన చోటూ ఒకటే కావడం ఇక్కడి చిక్కు. డ్యామ్‌ల కింద పడవలో ఉండేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. సైరన్ మోగిందంటే టర్బైన్ తిరగబోతోందని. అప్పుడు లంగరు వేసి ఉండకూడదు.

వసంతం గురించి రాసేవాళ్ళు పేజీలు నింపుతారు గానీ గాలం వైపు నుంచి చూస్తే చెప్పాల్సింది తక్కువ. నీరు సుమారు 5 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ మధ్యకు రాగానే, దక్షిణాన మార్చి, ఏప్రిల్‌లలో, ఉత్తరాన ఏప్రిల్, మే నెలల్లో, రాళ్ళూ గులకా ఉన్న చోట రాత్రిళ్ళు గుడ్లు జల్లుతాయి. గూడు కట్టవు, కాపలా కాయవు. మగచేపలు ముందు వచ్చి ఎక్కువ రోజులుంటాయి, ఆడచేపలు వచ్చి పని ముగించుకుని పోతాయి. అందుకే ఆ వారాల్లో గాలానికి పడేవి చాలావరకు చిన్న మగచేపలే. లోతు తగ్గుతుంది, చీకటి పడ్డాక ఎనిమిది పది అడుగుల నీటిలో తేలికపాటి జిగ్‌ను ఒడ్డువైపు విసిరి లాగితే చాలు. తర్వాత పెద్దచేపలు దిగువకు జారిపోతాయి. ఆ తర్వాతి రెండు మూడు వారాలు వేటగాళ్ళకు గడ్డుకాలం, ఎందుకంటే గుంపు విడిపోయి ఎక్కడికక్కడ ఒంటరి చేపలు మిగులుతాయి.

వేటకు ఆ వారాలు చిన్నవైనా చేప బతుకుకు అవే ముఖ్యం. గుడ్లు పొదగడానికి నీటి చల్లదనాన్ని బట్టి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ లోపల పైనున్న డ్యామ్ కరెంటు గిరాకీని బట్టి పగలు నీళ్ళు వదిలి రాత్రి ఆపేస్తే గుడ్లున్న గులక నీటి పైకి తేలి ఆరిపోతుంది. సౌత్ డకోటా, నెబ్రాస్కా సరిహద్దులోని లూయిస్ అండ్ క్లార్క్ జలాశయంలో 1960లలో జరిగిన అధ్యయనం, ఫోర్ట్ రాండల్ డ్యామ్ కింద గుడ్లు పెట్టే చోట నీటిమట్టం ఎక్కువ ఎగుడుదిగుళ్ళకు లోనైన ఏళ్ళలో పిల్లల సంఖ్య తగ్గిందని తేల్చింది. టెన్నెసీ నదిలో 1980ల రెండో సగంలో కరువొచ్చి వసంతపు ప్రవాహం పడిపోయిన ఏళ్ళలోనూ సాగెర్ క్షీణించింది. పొదిగిన పిల్లలు ఈదలేనంత చిన్నవి, నీటితో పాటు చాలా దూరం కొట్టుకుపోతాయి. ఆ దూరం నదిగా మిగిలి ఉండాలి. మోంటానా గుండా పారే యెల్లోస్టోన్ 1,100 కిలోమీటర్ల పొడవునా పెద్ద జలాశయం లేని నది. సాగెర్‌కు మిగిలిన మంచి ఆశ్రయాల్లో అదొకటి. అక్కడా సాగునీటి కోసం కట్టిన చిన్న ఆనకట్టలు దారికి అడ్డం. వాటిలో ఇన్‌టేక్ ఆనకట్ట పక్కనుంచి చేపలు ఎక్కడానికి తవ్విన మళ్ళింపు కాలువ 2022లో పూర్తయింది. దాన్ని తవ్వింది ముఖ్యంగా పాలిడ్ స్టర్జన్ అనే అంతరించిపోతున్న చేప కోసం. సాగెర్‌కు అది దక్కిన ఉచిత టికెట్.

వేసవి వేట చాలామందికి నచ్చదు, నాకు మాత్రం ఇదే ఆసక్తికరం. చేప అప్పుడు నిజంగా జలాశయంలో ఉంటుంది. ముంపు కింద పాత నది కాలువ ఇంకా అలాగే ఉంటుంది కదా. దాని అంచు మెట్లే సాగెర్ వేసవి చిరునామా. పైనీళ్ళు వేడెక్కి, అడుగు నీళ్ళలో ప్రాణవాయువు తగ్గి, మధ్యలో ఉండే పొరకు చేప కట్టుబడుతుంది. 20 నుంచి 40 అడుగుల లోతులో, పాత కాలువకు దగ్గరగా లేచిన గట్ల మీద, ముంపు గ్రామాల రోడ్ల అంచుల్లో కనబడుతుంది. అయితే అది గుంపుగా ఉండదు కాబట్టి నిట్టనిలువు జిగ్గింగ్‌తో ఒక్కో చేపను వెతకడం గడ్డివామిలో సూదిని వెతకడమే. ఇక్కడ పడవ నడుస్తూనే ఉండాలి. మిస్సోరి జలాశయాల్లో అందరూ వాడేది బాటమ్ బౌన్సర్: సీసం పోసిన వంగిన తీగ, దాని వెనక గిరగిర తిరిగే రేకు, గాలానికి వానపాము. గంటకు ఒకటిన్నర కిలోమీటరు వేగంతో అడుగును తట్టుకుంటూ పోతుంది. దక్షిణాన లోపల సీసపు తీగ ఉన్న దారంతో చెక్క చేపల్లాంటి క్రాంక్‌బెయిట్‌లను కాలువ అంచు వెంబడే, గంటకు మూడు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా లాగుతారు. సాయంత్రం డ్యామ్ నీరు వదిలే వేళ జలాశయం పొడుగునా నీటిలో కదలిక పుడుతుంది. ఆ గంటన్నరలో పడే చేపలు మిగతా రోజంతా పడినవాటికన్నా ఎక్కువుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. వేసవిలోనూ ఒరవడే.

శరదృతువు మళ్ళీ ఎగువ దారి. నీరు చల్లబడేకొద్దీ జలాశయం మధ్య భాగం ఖాళీ అవుతూ, ఎగువ మూడో వంతులో చేప చిక్కబడుతుంది. తిండి బాగా తింటుంది, ఒళ్ళు చేస్తుంది. రికార్డు చేప పడింది అక్టోబరులోనే అన్నది గుర్తుంచుకోవచ్చు. నవంబరులో తొలి పెద్ద వానలు పడ్డాక దక్షిణాన గుంపులు కదులుతాయి, వేటగాళ్ళు కూడా.

వెలుతురు, వేళల గురించి ఒక మాట. తెల్లవారుజామున, మబ్బు రోజున, మునిమాపున సాగెర్ బాగా పడుతుందని అందరూ చెబుతారు. తేట నీటికి ఇది నిజం. పాతిక ముప్ఫై అడుగుల కలక నీటిలో మాత్రం మధ్యాహ్నం కూడా సాయంత్రం లాంటిదే, కాబట్టి నది పొంగిన వారంలో పన్నెండింటికి బయల్దేరినా నష్టమేమీ లేదు. చంద్రుడి కళల పట్టికలు పట్టుకు తిరిగేవాళ్ళకు అంతకన్నా గట్టి ఆధారం డ్యామ్ నీటి విడుదల పట్టికలో దొరుకుతుంది.

ఇక సాగెర్ వేట గురించిన సాహిత్యమంతా మాట్లాడటానికి ఇబ్బందిపడే విషయం ఒకటుంది. చలికాలపు గుంపు మీద గాలం వేయడమంటే, ఆ నది భాగంలోని పెద్ద చేపల్లో చాలా వాటి మీద, అవి గుడ్లు పెట్టకముందే, ఒకేచోట గాలం వేయడం. టెన్నెసీలో రోజుకు పది చేపలు, కనీసం 15 అంగుళాల పొడవు అన్న నియమం దీని కోసమే. రాష్ట్రం నుంచి రాష్ట్రానికి నియమాలు మారతాయి, సరిహద్దు జలాశయాల్లో ఏ ఒడ్డు నియమం వర్తిస్తుందో కూడా మారుతుంది. అక్కడ స్థిరపడి కొత్తగా గాలం పట్టిన తెలుగువాళ్ళు లైసెన్సుతో పాటు ఆ నియమాల చిన్న పుస్తకం కూడా తీసుకుని చదువుకోవాలి. ఎదిగేదాకా ఆగి, కనీసం ఒక్కసారి గుడ్లు పెట్టనిచ్చాకే చేపను పట్టుకోవాలన్నది నియమం వెనకున్న ఆలోచన.

కాగితం మీద చక్కని ఆలోచనే, కానీ సాగెర్ శరీరం దీనికి ఒప్పుకోదు. దీని గాలితిత్తికి బయటికి దారి లేదు. కొన్ని చేపల్లా గాలిని నోటి గుండా వదిలేయలేదు. ముప్ఫై అడుగుల కిందినుంచి గబగబా పైకి లాగితే ఆ గాలి ఉబ్బి కడుపును నోటిలోకి నెడుతుంది, కళ్ళు పొడుచుకొస్తాయి. అలాంటి 14 అంగుళాల చేపను నియమం ప్రకారం నీటిలో వదిలినా, కాసేపు ఈది పోయినట్టు కనిపించినా, తర్వాత చచ్చిపోవచ్చు. మిసిసిపీ, టెన్నెసీ నదుల మీద చలికాలంలో జరిగిన అధ్యయనాలు లోతు పెరిగేకొద్దీ ఈ నష్టం పెరుగుతుందన్న ఆందోళనను బలపరిచాయి. సూదితో గుచ్చి గాలి తీసేయడం కొందరు చేస్తారు. లోపలి అవయవాలు చిరిగే ప్రమాదం ఉందని చాలా రాష్ట్రాల మత్స్యశాఖలు దాన్ని ప్రోత్సహించవు. ఇక సంచిలో పది నిండాక, ఇంకా పెద్దవాటి కోసం చిన్నవాటిని పారేస్తూ వేట కొనసాగించడం నియమాన్ని తప్పించుకునే మార్గమే.

అందుకని వాలై వేట నుంచి తెచ్చుకున్న ‘పట్టి వదిలేద్దాం’ అన్న మర్యాద చలికాలపు సాగెర్‌కు చెల్లదని నా అభిప్రాయం. వదలాలనుకునేవాడు 25 అడుగులు దాటిన నీటిలో గాలం దించకూడదు. నీరు జోరుగా, కలకగా ఉన్న రోజుల్లో చేప పదిహేను, ఇరవై అడుగుల గట్ల మీదికి ఎలాగూ ఎక్కుతుంది, అక్కడ వేయొచ్చు. లోతులోనే వేయాలనుకుంటే నియమం అనుమతించిన పొడవున్న చేపల్ని వరుసగా ఉంచుకుని, కూరకు చాలినన్ని పడగానే కర్ర మడవాలి. పొట్టి చేపలు వరుసగా పడుతున్న మడుగును వదిలి వేరే చోటు చూసుకోవాలి. సాగెర్ మాంసం తెల్లగా, మెత్తగా, ముళ్ళు తక్కువగా ఉంటుంది. పులుసులో విడిపోతుంది గానీ వేపుడుకు బాగుంటుంది. 15 అంగుళాలవి నాలుగుంటే ఒక ఇంటి భోజనానికి సరిపోతాయి.